మోకాలు దాటని కత్తి

నాకు కత్తి అంటే భయం. అత్తగారి ఊళ్లో ఈ మాట చాలా ఏళ్లు పైకి అనలేదు. మేకలున్న ఇంటికి కోడలుగా వచ్చి కత్తికి భయపడతానంటే ఎవరైనా నవ్వుతారు. కానీ నేను మేకల మధ్య పుట్టిన దాన్ని కాదు. కొత్తకోటలో పెద్దరోడ్డు పక్కన మా నాయినకు టైర్ల పంచర్ దుకాణం ఉండేది. లారీ నా పక్క నుంచి మూరెడు దూరంలో దూసుకుపోయినా చున్నీ సర్దుకొని నడిచేదాన్ని. అదే ఇంట్లో కత్తిపీట ముందు కూర్చుంటే చేతులు చల్లబడేవి. "లారీ కింద పడ్డా బతుకుతవు గని, వంకాయ కోసుకుంట సస్తవే నువ్వు" అని మా అమ్మ నవ్వేది.

పెళ్లయి అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న ఊరికి వచ్చాను. ముప్పై రెండు మేకలు, నాలుగెకరాల మెట్ట చెలక, ఆ చెలక గట్ల మీద వరసగా తుమ్మ చెట్లు, రెండు దిరిసెన చెట్లు. మనుషులం ముగ్గురం, మా ఆయన, అత్త, నేను. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుకుంటున్నారు. వానాకాలం మేకలకు తిండికి లోటుండదు. ఎండాకాలం వచ్చి గడ్డి మాడిపోయాక గట్ల మీది కొమ్మలే వాటికి గతి. అడవిలో కొమ్మ కొడితే కేసు పెడతారు కాబట్టి మా చెట్లనే ఒకదాని తర్వాత ఒకటి, అవి చావకుండా, మళ్లీ చిగురు వేసేట్టు చూసి కొట్టాలి. ఆ పని మా ఆయనది. అత్త మేపుతుంది, నేను వండుతాను, ఆయన కొడతాడు. పద్నాలుగేళ్లు ఇట్లాగే గడిచాయి. ఆయన కత్తిని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. వాకిట్లో ఉంటే చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

ఆ కత్తి పొడుగు సంగతి ముందే చెప్పాలి. మా ఊరి కమ్మరి కత్తి చేసేముందు టేపు పట్టడు. మనిషిని నిలబెట్టి, చేయి కిందికి వదిలేయమంటాడు. చేతికి ఒక పిడి ఇస్తాడు. పిడి కింద నుంచి మోకాలి చిప్ప పైఅంచు దాకా జొన్న దంటు పెట్టి, అక్కడికి తుంచుతాడు. ఆ తుంచిన దంటే కొలత. ఎవరి కత్తి వాళ్ల చేయిని బట్టి, వాళ్ల మోకాలిని బట్టి ఉంటుంది. దెబ్బ తప్పితే కత్తి కిందికే ఊగుతుంది కదా, మోకాలు దాటని కత్తి గాలిలో ఊగి ఆగుతుంది, దాటిన కత్తి ఎముకను వెతుక్కుంటుంది అని ఆయన లెక్క. మా ఆయన మాత్రం ఆ కొలత మీద బెత్తెడు ఎక్కువ పెట్టించుకున్నాడు. కమ్మరి వద్దన్నాడట. లావు కొమ్మకు బరువు కావాలని ఈయన పట్టుబట్టాడట.

తెలంగాణ వచ్చాక మూడో వానాకాలమో నాలుగోదో, చెలక చుట్టూ కంప నరుకుతుంటే ఆ కత్తి తడి కొమ్మ మీద జారింది. నేను సద్ది తీసుకొని పోయేసరికి ఆయన గట్టు మీద కూర్చొని రెండు చేతులతో కాలు పట్టుకొని ఉన్నాడు. ఎర్ర నేల కాబట్టి నెత్తురు ఎంత పోయిందో తెలియలేదు. తడిసిన మేరంతా నెత్తురే అని దగ్గరికి పోయాక అర్థమైంది. చీర కొంగు చింపి కట్టాను. కట్టు కట్టుకుంటూనే గట్టిగా ఏడ్చాను. ఆయనేమో "కత్తి యాడ పడ్డదో సూడు, మేకలు తొక్కుతయి" అంటున్నాడు.

దవాఖానలో కాలు నిలబెట్టారు. నరం మాత్రం ముందులా పని చేయలేదు. కర్ర పట్టుకొని నడుస్తాడు, కూర్చుంటాడు, లేస్తాడు. చెట్టు కింద నిలదొక్కుకొని కత్తి ఎత్తమంటే ఆ కాలు మడత పడుతుంది. యజమాని నెత్తురు చూసిన కత్తి ఇంట్లో ఉండొద్దని అత్త దాన్ని గోనెసంచిలో చుట్టి కమ్మరికి ఇచ్చేసింది. నాకు ఆ రోజు హాయిగా నిద్ర పట్టింది. మళ్లీ కత్తి కావలసి వస్తుందని నాకు అప్పుడు తోచలేదు.

ఎండలు ముదిరాయి. ఉగాది ముందర మా మరిది వచ్చాడు. దేవరకొండ దిక్కు ఇల్లరికం పోయిన మనిషి, అక్కడ బోరు నీళ్లూ పచ్చగడ్డీ ఉన్నాయి. మంచివాడే. అన్న పక్కన మంచం మీద కూర్చొని మెల్లగా చెప్పాడు.

"కొమ్మ గొట్టేటోళ్లు లేకుంట గిన్ని మేకలెట్ల బతుకుతయే అన్నా? నేను తోలుకపోయి పాలుకు పెంచుత. పిల్లలల్ల సగం నీకే. నీ కాలు మంచిగైనంక మల్ల తోలుకరా."

కాలు ఇంతకంటే బాగుపడదని ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన మేకలు తిరిగి రావు. మా ఆయన కర్ర పట్టుకొని లేచి మేకల దొడ్డిలోకి పోయి, పొద్దు గుంకేదాకా బయటికి రాలేదు. తొంగిచూస్తే ఒక్కొక్క మేకనూ దగ్గరికి పిలిచి చెవులు నిమురుతున్నాడు. ప్రతి మేకకూ దాని తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో ఆయనకు తెలుసు. మా చుట్టాల పేర్లు మరిచిపోతాడు గానీ ఇవి మరిచిపోడు. ఆ రోజు బువ్వ తినలేదు, మర్నాడూ తినలేదు. మేకలు పోతే ఈ మనిషి కూడా మెల్లగా పోతాడని నాకు గట్టిగా అనిపించింది. కత్తి భయం కంటే ఆ భయం పెద్దది.

"కొమ్మలు నేను గొడ్త" అన్నాను గడపలో నిలబడి.

రెండు రోజులుగా ఇంట్లోనే ఉన్న మరిది పడీపడీ నవ్వాడు. "వదినె, నువ్వు టమాట కోస్తాంటెనే కండ్లు మూసుకుంటవు."

నిజమే. అత్త మాత్రం పెద్దకొడుకు ముఖం చూసి, "ఆమె గొడ్తనంటాంది గద, సూద్దాం" అంది. పండుగ దాటిన రెండో వారపు అంగడి నాడు ట్రాలీ ఆటో తీసుకొస్తానని, అప్పటికి కొమ్మలు పడుతుంటే ఒట్టి చేతులతో పోతానని, పడకపోతే మేకలతో పోతానని మరిది చెప్పి వెళ్లాడు. మా ఆయన ఆ రాత్రి తిన్నాడు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నాకు చెమటలు పట్టాయి. అనవసరంగా నోరు జారానని అప్పుడు తెలిసొచ్చింది.

నాయినకు ఫోన్ చేసి కత్తికి ఇనుము కావాలని చెప్పాను. "ఎవలికి బిడ్డా?" అన్నాడు. నాకే అన్నాను. రెండు రోజులకు లారీ బరువు మోసే కమాన్ పట్టా ఒకటి, విరిగిన ముక్క, పాత టైరు ట్యూబులో చుట్టి బస్సులో పంపాడు. చిన్నప్పుడు ఆ పట్టాల మీద కూర్చొని అన్నం తిన్న దాన్ని. అదే ఇనుము కత్తి అవుతుందంటే ముట్టుకోబుద్ధి కాలేదు. ట్యూబుతో సహా నెత్తిన పెట్టుకొని కమ్మరి కొలిమికి పోయాను.

కమ్మరి మా ఆయనకు అన్న వరస, నాకు బావ. ఆయన భార్యను అక్కా అంటాను. ఆయన పట్టకారుతో పట్టుకుంటే ఆమె సమ్మెట వేస్తుంది. నాకంటే పొట్టి మనిషి, ఆ సమ్మెట ఆమె నడుము దాకా వస్తుంది. ఆమె దెబ్బ వేసినప్పుడల్లా నేను కొట్టం బయటికి ఒక అడుగు జరుగుతూ వచ్చాను. విషయం చెప్పాక కమ్మరి నా చేయి కేసి చూశాడు.

"పొడుగు గావాల్నా, పొట్టిగ గావాల్నా అని నన్ను అడగొద్దమ్మా. నీ చెయ్యి చెప్తది. నిలబడు."

నిలబడ్డాను. ఆయన పిడి ఇచ్చాడు, పట్టుకొని చేయి కిందికి వదిలాను. దంటు పెట్టాడు. మగవాళ్లకైతే మోకాలి చిప్పను ఆయనే తడిమి చూసుకుంటాడు. ఆడవాళ్లను ముట్టుకోడు. అసలు అప్పటిదాకా ఒక ఆడమనిషికి కత్తి కొలత తీయనే లేదట. పక్కకు చూస్తూ, "మోకాలు యాడున్నదో నువ్వే ఏలు వెట్టి సూపియ్యి" అన్నాడు.

అప్పుడు మా ఆయన కాలు కళ్లముందుకొచ్చింది. కట్టు కట్టడానికి నేను చింపిన కొంగు, దాని కింద తెల్లగా కనబడినది. కత్తి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదనిపించింది. చీర కుచ్చిళ్ల మీద, మోకాలికి నాలుగు వేళ్లు పైన, తొడ మీద వేలు పెట్టాను.

"గీడ" అన్నాను.

కమ్మరి చూసీ చూడనట్టు దంటు తుంచాడు. సమ్మెట పట్టుకొని ఉన్న అక్క నా వేలి వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూసింది. "జర కిందికుండదా చెల్లె?" అంది.

"లేదక్కా, నా కాళ్లు పొడుగు" అన్నాను. తాడిచెట్టెందుకు ఎక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. నాది అంతకంటే అన్యాయం.

కత్తి వచ్చింది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకొని అటూ ఇటూ ఊపి చూశాడు. "గిదేందే? కొబ్బరికాయ గొట్టనీకా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ నేను పని ఉన్నట్టు పొయ్యి దగ్గరికి పోయాను. కమ్మరి కొలత తప్పడని ఊరంతా నమ్మకం. ఆయన కూడా అదే నమ్మి, "నీ చెయ్యి గంతనేమో" అని ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే చెలకకు పోవడం. ఆయన దిరిసెన చెట్టు నీడలో కూర్చొని నేర్పేవాడు. పై నుంచి కొట్టొద్దు, ఏటవాలుగా కొట్టు. కొమ్మను చూడు, కత్తిని చూడకు. కండ్లు మూయకు. మూడు దెబ్బలేసి ఆగు, చుట్టూ చూడు, మళ్లీ మూడు దెబ్బలు. ఎందుకంటే కత్తి చప్పుడు వింటే చాలు, మంద ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. కొమ్మ ఇంకా చెట్టు మీద ఉండగానే కాళ్ల మధ్య దూరి, వెనక కాళ్ల మీద లేచి ఆకు అందుకుంటాయి. వాటికి కత్తి భయం లేదు. అది చూసినప్పుడు మేకను చూసి సిగ్గుపడ్డాను.

పొట్టి కత్తి ఎంత ప్రమాదమో ఆ వారంలో తెలిసింది. దూరం నుంచి అందదు. కంపలోకి దూరాలి, ముల్లు ముఖానికి తగిలేంత దగ్గరికి పోవాలి. పొదలో ఏముందో తెలియకుండా చేయి పెట్టాలి. ఒకసారి కొమ్మ కింద ఏదో సరసరమని పోయింది. అది పామో తొండో చూడకుండానే కత్తి అక్కడ పడేసి రోడ్డెక్కాను. దాని కోసం అత్త పోవలసి వచ్చింది. బరువు లేని కత్తి కాబట్టి రెండు దెబ్బలకు పడవలసిన కొమ్మకు ఎనిమిది దెబ్బలు. మధ్యాహ్నానికి చేయి నాది కాకుండా పోయేది. మేకల కడుపులు సగమే నిండేవి. పొట్టి కత్తి చేయించుకున్నది భయపడి. చివరికి అదే నన్ను భయానికి ఇంకా దగ్గరగా నిలబెట్టింది. ఆ మాట మా ఆయనకు చెప్పే ధైర్యం కూడా లేదు.

అంగడి ఇంకా ఆరు రోజులుంది. నేను అందుకోలేక అవస్థ పడటం చూడలేక ఆయన లేచాడు. "నేను దోటితోని కొమ్మ కిందికి గుంజుత, నువ్వు గొట్టు" అన్నాడు. దోటి అంటే పొడుగు కర్రకు చివర కొక్కెం. వద్దన్నాను. నా మాట వినలేదు. ఒక చేత్తో ఊతకర్ర, ఒక చేత్తో దోటి పట్టుకొని కొమ్మకు అవతలి వైపు నిలబడి గుంజాడు. కొమ్మ వంగి నా భుజం ఎత్తుకు వచ్చింది. కొట్టాను. బాగా తెగింది. మొదటిసారి నాకు సంతోషం వేసింది. అట్లా నాలుగు కొమ్మలు పడ్డాయి.

అయిదో కొమ్మకు మంద మీద పడింది. మూడు దెబ్బలేసి ఆగి చూడాలన్నది మరిచిపోయాను. పని సాగుతున్న ఊపులో ఉన్నాను కదా. ఒక మేకపోతు ఆకు కోసం రెండు కాళ్ల మీద లేచి, దిగుతూ ఆయన దెబ్బ కాలి మీద పడింది. కాలు మడత పడింది. దోటి జారింది, కొమ్మ పైకి లేచిపోయింది. ఆయన ముందుకు, నా వైపు, కొమ్మ ఉండవలసిన చోటికి వచ్చి పడ్డాడు. నా కత్తి అప్పటికే దిగుతోంది. దానికి తగలడానికి కొమ్మ లేదు.

చేతిలో ఏమీ తగిలినట్టు లేదు. కత్తి ఊగి నా పక్కకు పోయింది. ఆయన మోకాళ్ల మీద పడి ఉన్నాడు, తల వంచి. నెత్తికి కట్టుకున్న రుమాలు రెండుగా విడిపోయి చెవుల మీదికి జారింది. కత్తి వదిలేసి ఆయన తల రెండు చేతులతో పట్టుకొని వెంట్రుకల్లో వెతికాను. నెత్తురు కోసం వెతికాను. వేళ్లకు తడి తగిలింది, పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే చెమట. మళ్లీ వెతికాను. నుదుటి పైన చిటికెడు వెంట్రుకలు తెగి ఉన్నాయి, అంతే. మేకలు మా ఇద్దరి మీదుగా తలలు పెట్టి అంతకుముందు పడ్డ కొమ్మను కరకర నములుతున్నాయి.

ఇంకో నాలుగు వేళ్లు పొడుగుంటే అనుకున్నాను మొదట. నేను చెప్పిన అబద్ధమే ఆయన్ను బతికించిందని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే రెండో ఆలోచన వచ్చి నన్ను కూర్చోబెట్టింది. కత్తి సరైన పొడుగు ఉంటే ఆయన దోటి పట్టుకొని అక్కడికి వచ్చేవాడే కాదు, దిరిసెన నీడలోనే ఉండేవాడు. ఆ రెండు ఆలోచనల్లో ఏది నిజమో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ నిజమే అనుకుంటాను.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి, "కత్తి అందుకో" అన్నాడు.

"నాతోని గాదు."

"గిప్పుడు అందుకోకుంటే ఇగ ఎన్నడు అందుకోవు. అందుకో."

అప్పుడు చెప్పేశాను. ఏడ్చుకుంటూ, ముక్కు చీదుకుంటూ, కొలిమి కాడ మోకాలు అబద్ధం చెప్పానని, తొడ మీద వేలు పెట్టానని, నాకు కత్తిపీట అన్నా భయమేనని, పద్నాలుగేళ్లుగా ఆయన కత్తి చుట్టు తిరిగి నడిచానని, అన్నీ. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన తెగిన రుమాలు చేతిలో పట్టుకొని దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"నేను పెట్టిపిచ్చుకున్న బెత్తెడు లావు కొమ్మకు గాదే" అన్నాడు. "ఆ యేడు చిరుత దిగింది గద. మన మేకను గుంజుకపోయింది. ఒక్కన్ని చెలకల ఉండాల్నంటె మస్తు భయమైతుండె. పొడుగు కత్తి ఉంటె జర దూరముంటది గద అనుకున్న. ఎవలకు చెప్తె నవ్వుతరని చెప్పలే."

ఆ మాట విని నా ఏడుపు ఆగింది. భయపడేదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకొని ఇన్నేళ్లు కుమిలిపోయాను. ఈయన కూడా భయంతోనే కాలు పోగొట్టుకున్నాడని తెలిసి జాలి వేసింది, కోపమూ వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదా అని అరిచాను. "అవు" అన్నాడు. కత్తి అందుకున్నాను. ఆ రోజు మళ్లీ కొట్టలేదు గానీ ఇంటిదాకా నేనే మోసుకొచ్చాను.

మర్నాడు ఇద్దరం కొలిమికి పోయాం. పొట్టి కత్తి కింద పెట్టి జరిగింది చెప్పాం. కమ్మరికి నా మీద కంటే ఆయన భార్య మీద ఎక్కువ కోపం వచ్చింది.

"నీకు ఎర్కనేనాయె? మరెందుకు చెప్పలే? నా కొలత తప్పిందని ఊరంత అనుకోరా?"

"అడిగిన గద, జర కిందికుండదా అని" అంది అక్క సమ్మెట పక్కన పెట్టి. "భయపడ్డోళ్ల ఏలు పట్టుకొని గుంజుతరా?"

కమాన్ పట్టాలో ఇంకా ముక్క మిగిలి ఉంది. కమ్మరి కొత్త దంటు తీశాడు. నాగలి కర్రులు సాన పెట్టించుకోవడానికి వచ్చిన ఇద్దరు మగవాళ్లు అరుగు మీద కూర్చొని బీడీలు కాలుస్తున్నారు. నేను పిడి పట్టుకొని నిలబడ్డాను. కమ్మరి అలవాటుగా పక్కకు తిరిగి, "మోకాలు సూపియ్యమ్మా, ఈసారి సక్కగ" అన్నాడు. నా చేయి కదల్లేదు. నా వేలి మీద నాకే నమ్మకం లేకపోయింది.

మా ఆయన ఊతకర్ర గోడకు ఆనించాడు. ఆ కాలుతో కిందికి వంగడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక చేత్తో ఇనుము పెట్టి కొట్టే దాకలి పట్టుకొని, మెల్లగా నా ముందు నేల మీద కూర్చొని, అందరి ముందర, చీర మీదనే నా మోకాలి చిప్ప మీద అరచేయి పెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురిలో నా కొంగు కూడా పట్టుకున్న మనిషి కాదు. అరుగు మీది వాళ్లు తలలు తిప్పుకున్నారు. సిగ్గుతో, భయంతో నా కాళ్లు వణికాయి.

"గీడుంటదన్నా" అన్నాడు.

కమ్మరి దంటు పెట్టి చూసి, "కదలకుంట నిలబడాలమ్మా, వణుకుతాంటె కొలత రాదు" అన్నాడు.

"వణుకుతదన్నా. ఇంట్ల వణుకుతది, చెలకల వణుకుతది. గా వణుకుతోనే కొలువు" అన్నాడు మా ఆయన.

దంటు తుంచారు. మూడు రోజులకు కత్తి వచ్చింది. పట్టుకుంటే బరువు చేతికి కొత్తగా ఉంది, కొన మోకాలి చిప్ప పైన ఆగింది. అద్దం ముందు నిలబడి చూసుకున్నాను, చీర పైకి పట్టుకొని మరీ. మళ్లీ చెలకకు పోయి మొదటి దెబ్బ వేయడానికి ఆ పొద్దు సగం పట్టింది. ఆయన దిరిసెన నీడలో కర్రతో నేల మీద గీత గీసి, తాను ఆ గీతకు అవతలే కూర్చున్నాడు. కంపలోకి దూరకుండా, గట్టు మీద నిలబడే కొమ్మ అందింది. మూడు దెబ్బలకు పడింది. ఆ మూడు దెబ్బలకూ సగం చెంబు నీళ్లు తాగాను.

రెండో అంగడి నాడు మరిది చెప్పినట్టే ట్రాలీ ఆటోతో వచ్చాడు. వెనక మేకలు దూకకుండా వలా, కట్టేయడానికి తాళ్లూ తెచ్చుకున్నాడు. అత్త చాయ పోస్తానన్నా తాగలేదు. "ముందు సూద్దాం" అన్నాడు. అందరం చెలకకు పోయాం. మా ఆయన గీత అవతల కూర్చున్నాడు. మరిది మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని నా పక్కనే, కొమ్మ కింద నిలబడ్డాడు. వదినె ఏం కొడుతుందిలే అని ఆ నిలబడటంలోనే ఉంది. కత్తి పట్టుకున్న నా చేతికి చెమట పట్టి పిడి జారుతోంది. అట్లా నిలబడితే కొట్టలేను. కొట్టకపోతే మేకలు పోతాయి. నోరు విప్పి జరగమని చెప్పడానికీ మాట రాలేదు.

మా ఆయన కేక వేశాడు. మంద మొత్తం తలలెత్తి చూసేంత గట్టిగా.

"అరేయ్! దూరం జరుగు. మీ వదినె గొడ్తాంది!"

మరిది ఉలిక్కిపడి వెనక్కి పోయాడు. గీత దాటి, అన్న దాకా పోయి నిలబడ్డాడు. కొట్టాను. మూడు దెబ్బలు, ఒక చూపు. కొమ్మ పడింది. మంద పరుగెత్తుకొచ్చింది. అత్త కర్రతో ఆపి, కొమ్మ నేల మీద పడ్డాకే వదిలింది. రెండో కొమ్మ, మూడో కొమ్మ. ఏడో కొమ్మకు మరిది తాళ్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చాయ తాగి, అన్న భుజం మీద చేయి వేసి, పోయేముందు నా దగ్గరికి వచ్చాడు.

"భయం వోయిందా వదినె?"

"పోలె" అన్నాను.

ఖాళీ ఆటో మట్టి లేపుకుంటూ పోయింది. మేకల కడుపులు ఇంకా నిండలేదు. నేను తర్వాతి తుమ్మ దగ్గరికి పోయి కత్తి ఎత్తి, మళ్లీ దించాను. మా ఆయన గీత అవతలే ఉన్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. ఉన్నాడు. రుమాలు లేని నెత్తి మీద ఎండ పడుతుంటే చేయి అడ్డం పెట్టుకొని నా కేసే చూస్తున్నాడు. అది ఖాయం చేసుకున్నాకే కొట్టాను. ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు. ఆయన ఎక్కడున్నాడో కంటితో చూసుకోనిదే నేను కత్తి ఎత్తను.